కమలాపండు చేతిలో పెట్టి పిలిచారు

లైబ్రేరియన్ అంటే రోజంతా పుస్తకాలు చదువుకుంటూ కూర్చునే మనిషి అనుకునే బంధువులు నాకు ఇప్పటికీ ఉన్నారు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ డ్యూటీలో కూర్చుని ఒక్క పుస్తకం కూడా పూర్తిగా చదివిన పాపాన పోలేదు. ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితాలు లాగాను. టాక్స్ ఫారాలు వెతికిపెట్టాను. అమ్మ కనపడక ఏడుస్తున్న పిల్లల్ని ఎత్తుకు తిప్పాను. ఒకాయన కట్టుడుపళ్ళు కాపీ మెషీన్ మీద మరిచిపోతే ఇంటికి ఫోన్ చేసి చెప్పాను.

వీటన్నిటినీ మించిన పని ఇంకొకటి ఉంది. లైబ్రరీ సైన్స్ చదివేటప్పుడు దాని గురించి ఒక్కరూ చెప్పరు. లైబ్రరీ బతకాలంటే ఊరు ఓటు వేయాలి. ఊరిచేత ఓటు వేయించుకోవడం లైబ్రరీ పనిలో భాగమే.

ఈ మధ్య మన తెలుగు పిల్లలు కొందరు ఈ వృత్తిలోకి వస్తున్నారు. ఫోన్ చేసి, "కరుణ ఆంటీ, ఈ ఫీల్డ్‌లో స్కోప్ ఎలా ఉంటుంది?" అని అడుగుతున్నారు. స్కోప్ సంగతి నన్ను అడగకండి. నాకు తెలిసింది ఒక చిన్న బ్రాంచి, దాన్ని మూసేస్తారని భయపడ్డ ఒక ఏడాది, అప్పుడు చూసిన కొందరు మనుషులు. అది చెబుతాను. అందులో మీకు పనికొచ్చేది ఉంటే తీసుకోండి.

తమ మీద తామే పన్ను

నేను పనిచేసిన ఊరు ఇల్లినాయ్‌లో అరోరాకి దగ్గర. పేరు రాయను, అక్కడివాళ్ళకి ఎలాగూ తెలిసిపోతుంది. లైబ్రరీ ఖర్చంతా ఊళ్ళోవాళ్ళ ఇంటిపన్నులోంచే వస్తుంది. ఆ పన్ను ఒక హద్దు దాటి పెంచాలంటే బోర్డువాళ్ళు పెంచుకోవడానికి వీల్లేదు, ఊరిని అడగాలి. బ్యాలెట్ మీద ప్రశ్న ఉంటుంది. లైబ్రరీ కోసం మీ పన్ను ఇంత పెరుగుతుంది, సరేనా, కాదా? దాన్ని రెఫరెండం అంటారు.

నేను పుట్టి పెరిగింది బందరులో. పన్ను పెరగడమంటే నాకు తెలిసింది ఒకటే. ఎవరో పెంచుతారు, మనం తిట్టుకుంటూ కడతాం. ఇక్కడ మొదటిసారి ఒక రెఫరెండం గెలవడం చూసినప్పుడు నాకు నమ్మబుద్ధి కాలేదు. పిల్లలు లేనివాళ్ళు, పుస్తకం ముట్టనివాళ్ళు, పెన్షన్ మీద బతికే ముసలివాళ్ళు పనిగట్టుకుని చలిలో వెళ్ళి, ఎవరో ముక్కూమొహం తెలియని పిల్లలకి కథలు చదివే 'కథల గంట' కోసం తమ పన్ను తామే పెంచుకుని ఇంటికి వచ్చేశారు. ఎవరూ వాళ్ళకి దండ వేయలేదు. ఆ రోజు కలిగిన ఆశ్చర్యం రిటైరయ్యాక కూడా నన్ను వదల్లేదు.

అయితే అలా ప్రతిసారీ జరగదు.

నిండిన గది

నేను చూసుకున్నది ఊరికి తూర్పున ఉన్న చిన్న బ్రాంచి. ఒకవైపు అపార్ట్‌మెంట్లు, వాటి నిండా మనవాళ్ళు. ఇంకోవైపు పాతకాలపు ఇళ్ళు, వాటిలో పాతకాలపు మనుషులు. మధ్యలో ఇటుక గోడలతో మా బ్రాంచి.

కథల గంట పెడితే నిలబడటానికి కూడా చోటు ఉండేది కాదు. పసిపిల్లల్ని తోసుకొచ్చే స్ట్రోలర్లు గుమ్మం బయటిదాకా వచ్చేవి. మా డైరెక్టర్ డయాన్ మంచి మనిషి, కష్టజీవి, కానీ గ్రాఫుల పిచ్చి. మా బ్రాంచి గీత పైకి పోవడం చూసి మురిసిపోయేది. డబ్బు చాలక రెఫరెండం పెట్టాల్సి వచ్చినప్పుడు, "తూర్పు బ్రాంచి చాలు మనల్ని గెలిపించడానికి," అంది. నేనూ తలూపాను.

చిత్తుగా ఓడిపోయాం. తూర్పు వైపే ఎక్కువగా ఓడిపోయాం.

మర్నాడు కథల గంటకి గది మళ్ళీ నిండింది. అందరూ నా దగ్గరికొచ్చి, "అయ్యో, ఎట్లా ఓడిపోయింది ఆంటీ?" అని అడుగుతున్నారు. వాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూస్తుంటే అప్పుడు తట్టింది. ఈమె డిపెండెంట్ వీసా. ఆమె భర్త హెచ్-వన్. వీళ్ళు గ్రీన్ కార్డ్ కోసం క్యూలో ఉన్నారు. ఆ మూలనున్న పిల్లాడు ఎఫ్-వన్ మీద మాస్టర్స్ చేస్తున్నాడు. గదిలో ఉన్నవాళ్ళు సిటిజెన్లు కారు, వాళ్ళకి ఓటు లేదు. ఓటు ఉన్నవాళ్ళు గదిలోకి ఎన్నడూ రాలేదు.

లైబ్రరీకి వచ్చే జనం వేరు, లైబ్రరీని నిలబెట్టే జనం వేరు అన్నది ఈ వృత్తిలో మొదటి పాఠం. నిండిన గదిని చూసి ఓట్లనుకోకండి.

ఓటు ఉన్నవాళ్ళేమనుకుంటున్నారో కూడా మాకు ముందే తెలియాలి. ఎందుకంటే ఒకాయన లేచి చెప్పాడు. వాల్టర్ అని, డెబ్బై దాటిన మనిషి, ఒకప్పుడు ఇక్కడ మొక్కజొన్న పండించినవాడు. రెఫరెండానికి ముందు జరిగిన మీటింగ్‌లో టోపీ చేత్తో పట్టుకుని లేచాడు. అమెరికావాళ్ళ మాటలు తెలుగులోనే రాస్తున్నాను.

"ఆ బిల్డింగ్ మా వంటింటి కిటికీలోంచి కనిపిస్తుంది. నేను ఎన్నడూ లోపల అడుగుపెట్టలేదు. అక్కడ నాకేం పని ఉందో ఎవరూ చెప్పలేదు. నేనెందుకు కట్టాలి?"

డయాన్ ఒక గ్రాఫ్ చూపించింది. ఆయన దాన్ని కాసేపు చూసి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. మర్నాటికల్లా వాళ్ళ ఇంటిముందు గడ్డిలో 'నో' అని ఎర్ర బోర్డు పాతుకుని ఉంది.

నోటికి తాళం

ఓడిపోయాక బోర్డువాళ్ళు తేల్చి చెప్పారు. వచ్చే వసంతంలో ఇంకోసారి అడుగుదాం, అప్పుడూ కాదంటే తూర్పు బ్రాంచి మూసేద్దామని.

ఇక్కడ మీరు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. లైబ్రరీలో జీతం తీసుకునేవాళ్ళు డ్యూటీలో ఉండగా 'ఎస్ వేయండి' అనడానికి వీల్లేదు. చట్టం ఒప్పుకోదు. గెలిస్తే ఏమవుతుంది, ఓడితే ఏమవుతుంది అని చెప్పవచ్చు. అంతే. వేయండి అని అడగడానికి ఊళ్ళోవాళ్ళు విడిగా కమిటీ పెట్టుకుంటారు. డయాన్ ఇంకో అడుగు ముందుకు వేసింది. సెలవు రోజున కూడా మేం నోరు విప్పకూడదంది. "కూరగాయల కొట్లో నిన్ను చూసినా లైబ్రరీనే చూసినట్టు అనుకుంటారు కరుణా," అనేది. అప్పట్లో విసుక్కున్నాను. ఇప్పుడు ఆమె చెప్పిందే సరైనదనిపిస్తుంది. మనల్ని నమ్మి జనం ఏ ప్రశ్నయినా అడగాలంటే మనం ఏ పక్షమూ కాకూడదు.

కానీ అది ఎంత కష్టమో అనుభవిస్తేగాని తెలియదు. నా బ్రాంచి పోతోంది, పోనివ్వకండి అని నేనే అడగకూడదు.

లావణ్య

లావణ్య వరంగల్ పిల్ల. ఎమ్మెస్సీ చదివింది. ఆమె వీసా మీద ఉద్యోగం చేయకూడదు. కారు భర్త తీసుకుపోతాడు. పాప మేఘన ఇక్కడే పుట్టింది. ఆ పిల్లని స్ట్రోలర్‌లో పెట్టుకుని, మంచు పడినా, గాలి కొట్టినా రోజూ నడిచొచ్చేది. తలుపు తెరిచేవేళకి గుమ్మంలో ఉండేది.

బ్రాంచి మూసేస్తారన్న నోటీసు గోడకి అంటించిన రోజు ఆమె అది రెండుసార్లు చదివి నా డెస్క్ దగ్గరికి వచ్చింది.

"ఇది బంద్ అయితే నేనెక్కడికి పోవాలె ఆంటీ?" అంది. "ఈ ఊర్ల నా పేరు తెల్సినోళ్ళు ఉన్నది ఇక్కడనే. ఇంట్ల ఉంటే రోజంత ఎవ్వరితోటి మాట్లాడ. పాప పడుకుంటే ఫ్రిజ్ సౌండ్ ఇనుకుంట కూసుంట."

పక్కన కుర్చీ లాగి కూర్చోమన్నాను.

"నాకు ఓటు లేదు. మరి నేనేం చెయ్యొచ్చు?" అంది మళ్ళీ.

"ఆ ప్రశ్నకి నేను జవాబు చెప్పకూడదమ్మా. కమిటీ నడిపేది జోన్‌గారు. ఆమె నంబర్ అందరికీ తెలిసిందే," అన్నాను. అంతవరకే అనగలిగాను.

జోన్ రిటైరయిన స్కూల్ టీచర్. ఎన్నికల్లో తలుపులు తట్టడంలో పండిపోయిన మనిషి. లావణ్య ఆమెకి ఫోన్ చేసింది. జోన్ ముందుగా ఒక లాయర్ని అడిగింది. ఓటు లేనివాళ్ళు డబ్బు ఇవ్వకుండా ఉంటే మంచిది, నడవడానికి, మాట్లాడటానికి అడ్డు లేదన్నాడాయన. లావణ్య తన అపార్ట్‌మెంట్ల నుంచి కొంతమంది ఆడవాళ్ళని పోగేసింది. మా తెలుగు చర్చి నుంచి ఇంకో ఇద్దరు కలిశారు.

లిస్టు బ్యాగులోనే ఉండిపోయింది

తలుపులు తట్టడానికి ఇక్కడ ఒక పద్ధతుంది. మీకూ నేర్పుతారు. ఎవరు తప్పకుండా ఓటు వేస్తారో, ఎవరు మనవైపు మొగ్గుతారో చూసి లిస్టు తయారుచేస్తారు. ఆ ఇళ్ళకే వెళ్ళాలి. తలుపు తీయగానే పేరు చెప్పి, విషయం చెప్పి, కాగితం చేతికిచ్చి, 'మీ ఓటు మాకేనా?' అని సూటిగా అడగాలి. ఓటు వేయనివాళ్ళని వదిలేయాలి. 'నో' బోర్డు ఉన్న ఇంటి జోలికి అసలు పోకూడదు. నువ్వు వెళ్ళి గుర్తుచేస్తే ఆయన మరిచిపోకుండా వెళ్ళి 'నో' వేసొస్తాడు. ఇది తెలివైన పద్ధతి. నేనూ దీన్నే నమ్మాను.

జోన్ ఇదంతా వాళ్ళకి ఓపిగ్గా నేర్పింది. ఒక ఆదివారం మధ్యాహ్నం పంపించింది. సాయంత్రం నాకు ఫోన్ చేసింది.

"కరుణా, నువ్వొకసారి మా ఇంటికి రావాలి. ఓట్ల గురించి కాదు. మీవాళ్ళు ఏం చేశారో నాకు అర్థం కావడంలేదు."

వెళ్ళేసరికి జోన్ వంటింట్లో ఆడవాళ్ళందరూ కూర్చుని ఉన్నారు. మంచి చీరలు కట్టుకున్నారు, వాటి కింద మంచులో వేసుకునే బూట్లు. మొహాలు వెలిగిపోతున్నాయి. కాగితాల బ్యాగు విప్పకుండా బల్ల మీద ఉంది. లిస్టూ దాంట్లోనే ఉంది.

"ఎంతమంది ఎస్ అన్నారు అని అడుగుతున్నాను," అంది జోన్. "అందరినీ పిలిచాం అంటున్నారు. ఎక్కడికి పిలిచారు?"

"లైబ్రరీకే," అంది లావణ్య. "శనివారం రమ్మని చెప్పినం."

"శనివారం ఏముంది?"

ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"మేముంటం గదా," అంది లావణ్య.

శనివారం మా బ్రాంచిలో ఏమీ లేదు. "ఓటు సంగతి చెప్పలేదా లావణ్యా?" అన్నాను.

"ఇంటికి పోంగనే అడుగుతమా ఆంటీ? బాగుంటదా? మొదలు పిలుస్తం. వస్తరు, చూస్తరు. చూసినంక వాళ్ళకే తెలుస్తది."

"మరి లిస్టు?"

"గా లిస్టుల ఒక ఇల్లు ఉన్నది, పక్కిల్లు లేదు. ఒక ఇల్లు ఇడిసిపెట్టి ఇంకో ఇంటికి పోతుంటే వాళ్ళు కిటికీలకెంచి చూస్తుండరా? ఎంత బాధైతది? అందుకే లైన్‌గ అన్ని ఇండ్లకు పోయినం."

అప్పుడు నాకు వెలిగింది. వీళ్ళు ఓట్లడగడానికి వెళ్ళలేదు. బొట్టు పెట్టి పిలవడానికి వెళ్ళారు.

ఇక్కడ పుట్టిన పిల్లలకి తెలియకపోవచ్చు. మనవైపు పెళ్ళికో పేరంటానికో కార్డు ఇస్తే చాలదు. ఆడవాళ్ళు కుంకుమ భరిణె పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి, బొట్టు పెట్టి, 'తప్పకుండా రావాలి' అని నోటితో పిలవాలి. అలా పిలవకపోతే పిలిచినట్టు కాదు. అక్కడ ఇంకేమీ అడగకూడదు. పిలిచి వచ్చేయడమే.

"బొట్టు పెట్టారా ఏమిటే తల్లీ?" అన్నాను భయంగా.

"లే ఆంటీ. వాళ్ళకు అలవాటు లేదు గదా. కమలాపండ్లు ఒక బాక్స్ కొన్నం. చేతుల పండు పెట్టి పిలిచినం."

జోన్ తల పట్టుకుంది. "వాల్టర్ ఇంటికి కూడా వెళ్ళారా? ఆ బోర్డు ఉన్న ఇంటికి?"

"పోయినం. 'నా బోర్డు చూడలేదా?' అన్నడు. చూసిన సర్, శనివారం రండి అన్న. పండు చేతుల పట్టుకుని అటు ఇటు తిప్పి చూసిండు. 'మా ఆవిడ పోయినంక, ఏదన్న అమ్ముకునేటోళ్ళు కాకుండ ఈ తలుపు కొట్టింది నువ్వే' అన్నడు."

నాకు బందరులో మా వీధి గుర్తొచ్చింది. మాది క్రైస్తవుల ఇల్లు, బొట్టు పెట్టుకోం. పిలుపుకి వచ్చిన ఆడవాళ్ళు మా పక్కింటి గుమ్మం ఎక్కేవారు, బొట్టు పెట్టి పిలిచేవారు. మా ఇంటి దగ్గరికి వచ్చేసరికి గేటు అవతలే ఆగి, "మీరూ రండమ్మా," అనేసి అటుపక్క ఇంటికి వెళ్ళిపోయేవారు. మా అమ్మ తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చేసరికి వాళ్ళు ముందుకు వెళ్ళిపోయి ఉండేవారు. వాళ్ళకి మా మీద కోపమేమీ లేదు. బొట్టు పెట్టుకోని గుమ్మంలో ఏం చేయాలో వాళ్ళకి తెలియదు, అంతే. భర్త పోయినవాళ్ళ ఇళ్ళ దగ్గరా అలాగే ఆగిపోయేవారు. అమ్మ ఎన్నడూ ఏమీ అనలేదు. ప్రతి పెళ్ళికీ వెళ్ళింది కూడా. కానీ ఆ గుమ్మంలో ఆమె నిలబడిన తీరు నేను మరిచిపోలేదు.

బొట్టు కుదరని చోట పండు పెట్టవచ్చని ఆ వీధిలో ఎవరికీ తోచలేదు. ఇల్లినాయ్‌లో, ఓటు కూడా లేని ఈ పిల్లలకి తోచింది. భార్య పోయిన మనిషి గుమ్మం కూడా ఎక్కి పిలిచారు.

శనివారం

డయాన్‌కి చెప్పక తప్పలేదు. ఆమె మండిపడింది. ప్రోగ్రామ్‌కి అనుమతి లేదు, గది బుక్ చేయలేదు, ఎన్నిక దగ్గర పడింది, ఇదేం తలనొప్పి అంది. చివరికి, "వచ్చినవాళ్ళని వెళ్ళగొట్టలేం. కానీ ఈ కప్పు కింద ఓటు అన్న మాట ఎవరి నోటా వినిపించకూడదు," అంది. కాపలాకి తనే వచ్చి తలుపు పక్కన నిలబడింది.

ఎవరూ రారనుకున్నాను. రాకపోతే బాగుండుననీ అనుకున్నాను.

వచ్చారు. ఒక్కొక్కరే, ఇద్దరిద్దరే, కోట్లు విప్పాలో వద్దో తెలియక, కొత్తవాళ్ళ ఇంటికి వచ్చినట్టు మొహమాటపడుతూ వచ్చారు. ఏళ్ళ తరబడి మా ఎదురుగుండా బతికినవాళ్ళు మొదటిసారి లోపలికి వచ్చారు. పిలిచినచోటికి ఖాళీ చేతులతో రాకూడదన్న మర్యాద వాళ్ళకీ ఉన్నట్టుంది. ఒక పెద్దావిడ బిస్కెట్లు కాల్చి తెచ్చింది. ఒకాయన తన పెరట్లో చేసిన తేనె సీసా తెచ్చాడు.

మనవాళ్ళు ట్రేల నిండా పులిహోర తెచ్చారు. మా బ్రాంచిలో తినుబండారాలు నిషేధం. ఆ బోర్డు డయాన్ వెనకే గోడ మీద ఉంది. ఆమె ట్రే వంక చూసింది, బోర్డు వంక చూసింది, నా వంక చూసింది. కాసేపయ్యాక చూస్తే ఆమె చేతిలోనూ ప్లేటు ఉంది.

ఎవరి ఇంటికి వెళ్ళి ఎవరు పిలిచారో, వాళ్ళే గుమ్మం దగ్గర ఎదురెళ్ళి లోపలికి తీసుకొచ్చారు. తమ పిల్లల్ని చూపించారు. ఇక్కడ కూర్చుంటే ఎండ బాగా వస్తుంది అని తమకి ఇష్టమైన కుర్చీ చూపించారు. నేను ఏళ్ళ తరబడి ఆ గదిలో తిరిగాను. ఎవరికి ఏ కుర్చీ ఇష్టమో అప్పుడే తెలిసింది.

వాల్టర్ అందరికంటే ఆలస్యంగా వచ్చాడు. తలుపు దగ్గరే టోపీ తీసి పట్టుకుని నిలబడిపోయాడు. మేఘనకి అప్పుడు మాటలు బాగా వస్తున్న వయసు. అట్టల పుస్తకం ఒకటి తీసుకెళ్ళి ఆయనకిచ్చి, "రీడ్," అంది. కళ్ళజోడు తేలేదన్నాడు. మా డెస్క్‌లో ఎవరికైనా కావాలంటే ఇవ్వడానికి కళ్ళజోళ్ళు ఉంటాయి, ఒకటి ఇచ్చాను. ఆయన కూర్చుని, నిదానంగా, పొలం గురించిన ఆ పుస్తకం చదివాడు. మధ్యలో ఆగి, "ఈ ట్రాక్టర్‌కి చక్రాలు తప్పు వేశారు," అని బొమ్మ చూపించి ఎలా ఉండాలో చెప్పాడు. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి చుట్టూ చేరారు. ఇంకో పుస్తకంలో కూడా ట్రాక్టర్ ఉందని ఎవరో పరుగెత్తుకెళ్ళి తెచ్చారు. దానికీ చక్రాలు తప్పేనట.

సాయంత్రం దాకా ఎవరి నోటా ఓటు మాట రాలేదు. మనవాళ్ళకి అడగాలన్న ఆలోచనే లేదు. వచ్చినవాళ్ళు అడగలేదు. డయాన్ వెళ్ళబోతూ కోటు బొత్తాలు పెట్టుకుంటూ, "ఇది నేను ఏ గ్రాఫ్‌లో పెట్టను?" అంది.

గెలుపు, దాని వెనక

గెలిచాం. చాలా తక్కువ తేడాతో. ఆ తేడా ఓట్లు వేసినవాళ్ళందరినీ మా చిన్న గదిలోనే కూర్చోబెట్టవచ్చు.

మర్నాడు పొద్దున్న తలుపు తెరిచేసరికి లావణ్య గుమ్మంలో ఉంది, రోజూలాగే. నన్ను పట్టుకుని బిగ్గరగా ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను. ఇద్దరినీ చూసి స్ట్రోలర్‌లో మేఘన కూడా మొదలుపెట్టింది.

పిల్లలూ, ఇది చదివి కమలాపండ్లు కొనడానికి పరుగెత్తకండి. మేమూ ఆ పొరపాటు చేశాం. మరుసటి వేసవిలో పుస్తకాల పండక్కి జనాన్ని పిలవడానికి ఒక కన్సల్టెంట్ సలహాతో మనుషుల్ని జీతానికి పెట్టి, పండ్లిచ్చి పంపించాం. తలుపు తీసినవాళ్ళు "ఏం అమ్ముతున్నారు?" అని అడిగి, పండు తీసుకుని, తలుపేసుకున్నారు. ఒక్కరూ రాలేదు. ఆ పిలిచినవాళ్ళెవరూ పండగ రోజున అక్కడ ఉండరని వాళ్ళకెలా తెలిసిందో గాని తెలిసిపోయింది.

లిస్టు పద్ధతిని కూడా నేను తీసిపారేయను. జోన్ ఆ లిస్టు పట్టుకుని ఊరి పడమటి వైపు తిరగకపోతే మేం ఓడిపోయేవాళ్ళం. కానీ లిస్టులో లేని ఇళ్ళ గురించి ఆలోచించడం నాకు ఆ ఏడాదే అలవాటయింది. 'కాదు' అనేవాడు శత్రువు కాదు. చాలాసార్లు అతను ఎవరూ పిలవని మనిషి.

వాల్టర్ ఆ తర్వాత ప్రతి శనివారం వచ్చేవాడు. ఆయన ఏ ఓటు వేశాడో మేం అడగలేదు. అడగకూడదు కూడా. గెలిపించినవాళ్ళలో ఆయనా ఉన్నాడని మాత్రం మేమందరం లోలోపల నమ్మాం. నేను రిటైరయిన రోజున బ్రాంచిలో కేకు కోశారు. వాల్టర్ నన్ను పక్కకి పిలిచాడు.

"నువ్విప్పుడు ఉద్యోగివి కాదు కాబట్టి చెబుతున్నాను," అన్నాడు. "ఆ రోజు నేను 'నో' వేశాను."

నేను కేకు ప్లేటు బల్ల మీద పెట్టేశాను.

"వేస్తానని ఊరందరి ముందు లేచి చెప్పాను. బోర్డు పాతాను. మాట తప్పడం నాకు చేతకాదు. వేసి బయటికొచ్చి ట్రక్కులో కూర్చున్నాను. నేను ఓడిపోవాలని దేవుణ్ణి వేడుకున్నాను. అంత గట్టిగా నేను వర్షం కోసం కూడా వేడుకోలేదు."

ఇన్నేళ్ళు ఈ పని చేసి, మనుషుల్ని 'ఎస్'లుగా, 'నో'లుగా విడదీసి చూసిన నాకు ఆ మాట విన్నాక ఆయన్ని ఎటువైపు లెక్కేయాలో తెలియలేదు. ఆయన చెయ్యి పట్టుకున్నాను.

నా తలుపు

రిటైరయ్యాక నేను ఆ తూర్పు వైపే చిన్న ఇల్లు తీసుకున్నాను. కిటికీలోంచి బ్రాంచి కనిపిస్తుంది. మొన్న వసంతంలో మళ్ళీ రెఫరెండం వచ్చింది. కప్పు కారుతోంది, బిల్డింగ్ బాగుచేయకపోతే మూసేయాలి. అదే భయం, మళ్ళీ.

లావణ్యకి ఈలోగా గ్రీన్ కార్డ్ వచ్చింది. తర్వాత సిటిజెన్ అయింది. ఇదే తన మొదటి ఓటు. మేఘనకీ పద్దెనిమిది నిండాయి. తల్లీకూతుళ్ళు ఇద్దరూ మొదటిసారి ఒకే రోజున ఓటు వేయబోతున్నారు. వాల్టర్ తన 'నో' సంగతి లావణ్యకీ ఎప్పుడో చెప్పేశాడు. ఆమె తన ఓటు సంగతి చెప్పినప్పుడు ఆయన, "నా ఓటుకి జవాబు చెప్పడానికి నీకింత కాలం పట్టిందా?" అన్నాడట.

ఎన్నిక రోజు పొద్దున్నే టీ పెట్టుకుంటున్నాను. నా నోటికి ఇప్పుడు డయాన్ వేసిన తాళం లేదు. నలుగురినీ అడుగుదామని, ఏం మాట్లాడాలో కూడా రాత్రే అనుకుని ఉంచుకున్నాను. కిటికీలోంచి చూస్తే మా వీధిలో ఎవరో నడిచి వస్తున్నారు. చేతికర్ర పట్టుకుని వాల్టర్. పక్కన చీరలో లావణ్య. వెనక మెల్లగా కారు నడుపుతూ మేఘన. పక్కింటి తలుపు తట్టారు. ఆ ఇంటివాళ్ళు బయటికి వచ్చారు. వాల్టర్ వాళ్ళ చేతిలో ఏదో పెట్టాడు.

నేను స్టవ్ ఆపి, తడిచేతులు తుడుచుకుంటూ గుమ్మం దగ్గరికి వెళ్ళాను. వెళ్ళేసరికి వాళ్ళు ముందుకు దాటిపోయి ఉంటారనిపించింది. ఎందుకనిపించిందో నాకు తెలుసు.

తలుపు తీశాను. వాల్టర్ మెట్లెక్కి నా ఎదురుగా నిలబడి ఉన్నాడు, ఆయాసపడుతూ.

"ఒక్క ఇల్లు కూడా వదలకూడదని ఈమె రూలు పెట్టింది," అన్నాడు లావణ్యని చూపిస్తూ. సంచిలోంచి కమలాపండు తీసి నా చేతిలో పెట్టాడు. "నేను ఈసారి బోర్డేమీ పాతలేదు. పద, ఓటు వేసొద్దాం."

"ఆంటీ, యూ రెడీ?" అని కారులోంచి మేఘన కేకేసింది. "వాల్టర్ లాంగ్ టైమ్ నిలబడలేడు. త్వరగా రా!"

రాత్రి అనుకున్న మాటలు ఒక్కటీ అవసరం రాలేదు. పండు కోటు జేబులో వేసుకుని, తలుపు తాళం పెట్టి, వాళ్ళతో వెళ్ళాను.